ఊరంతా చూసిన బొమ్మల సినిమా

పోయిన నెల కడపలో మా అమ్మాయి వాళ్ళింట్లో నాలుగు రోజులు ఉండి వచ్చాను. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక కాసేపు నడుం వాల్చుదామని ముందు గదిలోకి వెళ్తే, మా అల్లుడు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, గోడంత టీవీలో జపాను వాళ్ళ బొమ్మల సినిమా చూస్తున్నాడు. పెద్ద పెద్ద కళ్ళున్న ఆడపిల్ల ఒకతె పూలు రాలుతున్న చెట్టు కింద నిలబడి ఎవరి కోసమో ఎదురుచూస్తోంది. చూడముచ్చటగా ఉందే అనుకుంటూ నేను కుర్చీ లాక్కునే లోపలే తెరంతా ఎర్రబడింది, ఏదో అరుపు వినిపించింది, అల్లుడు గబుక్కున దాన్ని ఆపేశాడు.

“ఇది పిల్లోళ్ళ బొమ్మలు కాదు మామా, పెద్దోళ్ళు సూసేది. రక్తం శానా ఉంటాది. మీకు నచ్చదు” అని నొచ్చుకున్నట్టుగా అన్నాడు.

ఫరవాలేదు చూసుకోమని చెప్పి కూర్చున్నాను గానీ, కుర్చీని టీవీకి పక్కగా తిప్పుకున్నాను. అల్లుడు నెమ్మదస్తుడు. ఆ బొమ్మలు గీసేవాళ్ళు ఒక్కో సినిమాకు ఏళ్ళ తరబడి కష్టపడతారనీ, పైకి భయంగా ఉన్నా లోపల మనుషుల దుఃఖమే ఉంటుందనీ ఓపిగ్గా వివరించాడు. నేను కాదనలేదు. వయసొచ్చిన మనిషి తనకు కావాలనుకుని తలుపు వేసుకుని చూసే సినిమాలో తప్పేముంటుంది? అలాంటిదే ఒకటి అడగనివాళ్ళ ఇళ్ళలోకి పట్టపగలు చొరబడిన రోజు నాకు తెలుసు. చొరబెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అల్లుడికి ఆ సంగతి చెప్పలేకపోయాను, నా ఈడువాళ్ళు మీరైతే అర్థం చేసుకుంటారని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

రెండు వేల నాలుగో ఐదో, సరిగ్గా జ్ఞాపకం లేదు. మా బావది, అంటే మా అక్క భర్తది, ఆత్మకూరులో కేబుల్ టీవీ. తాతల నాటి బెల్లం, శెనగల వ్యాపారాన్ని తమ్ముడికి వదిలేసి మిద్దె మీద గొడుగులు తిప్పి పెట్టినట్టు డిష్‌లు పెట్టుకున్నాడని మా కులంలో పెద్దలంతా మొదట్లో నవ్వారు గానీ, రెండేళ్ళు తిరిగేసరికి ఆ నవ్వినవాళ్ళే సీరియలు మధ్యలో బొమ్మ ఆగితే మా బావకు ఫోన్ చేసేవారు. అప్పుడు ప్రతి ఊరికీ ఒక లోకల్ చానెల్ ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. పెళ్ళి క్యాసెట్లు, బడి వార్షికోత్సవాలు, తప్పిపోయిన ఎద్దు ప్రకటనలు, సాయంత్రం ఒక సినిమా, అన్నీ ఆ ఒక్క చానెల్లోనే. బజారులో ఒక మిద్దె మీది గదిని కంట్రోల్ రూమ్ అనేవాళ్ళం. అందులో డీవీడీ ప్లేయర్లో ఒక డిస్క్ పెడితే అదే ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ ఆడేది. ఎంత అధికారమో అది, అప్పుడు మాకు తెలియలేదు.

కర్నూలులో నేను పనిచేసే నూనె మిల్లు మూతబడ్డాక అక్క పిలిస్తే భార్యనూ పిల్లనూ వెంటబెట్టుకుని ఆత్మకూరు చేరాను. సైకిలుకు నిచ్చెన కట్టుకుని, సంచిలో కటింగ్ ప్లేయరూ వైరు చుట్టా వేసుకుని, బొమ్మ సరిగా రావడం లేదన్న ఇంటికల్లా వెళ్ళడం నా పని. ముప్ఫయ్యారేళ్ళ వయసులో స్తంభాలెక్కడం నేర్చుకున్నాను. చెప్పుకోవడానికి చిన్నతనంగా ఉండేది గానీ, నిచ్చెన పైనుంచి నల్లమల కొండలు నీలంగా కనిపిస్తుంటే ఆ చిన్నతనం కాసేపు మరిచిపోయేవాణ్ణి.

మేమంతా కలిసి ఉన్న అక్కావాళ్ళ ఇంట్లోనే మా పెద్దమ్మ కూడా ఉండేది. మా అమ్మ నా నాలుగో ఏట పోతే నన్నూ అక్కనూ పెంచింది ఆమే. అమ్మకు తోడబుట్టిన అక్క, పిల్లల్లేని మనిషి, పెదనాన్న పోయాక సంతలో గాజులూ పసుపూ కుంకుమా అమ్మి మమ్మల్ని చదివించింది. ఆమె గొంతు మూడు ఇళ్ళ అవతలికి వినిపించేది. మా ఇలవేలుపు అహోబిలం నరసింహస్వామి కాబట్టి మాకు అన్నం తినిపించేటప్పుడల్లా ఆ కథే. “పొట్ట చీల్చి పేగులు మాలేసుకున్నాడంట నాయనా, నోరు తెరువు” అని ముద్ద పెట్టేది. అంత ఘోరాన్ని వింటూ మేం పప్పన్నం తినేవాళ్ళం, ఏ భయమూ ఉండేది కాదు. ఆమె ఒళ్ళోనే కూర్చుని వినేవాళ్ళం కదా, ఇంక భయమెక్కడిది?

అలాంటి మనిషికి ముందు సంవత్సరం పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. మాట పోయి “బా” అన్న ఒక్క శబ్దం మిగిలింది. ఆకలికీ అదే, దాహానికీ అదే, నన్ను పిలవడానికీ అదే. మెడ తిప్పలేకపోయేది. కుడి కన్ను నిద్రలో కూడా పూర్తిగా మూతపడేది కాదు, తడి దూది పెట్టేవాళ్ళం. ఎడమ చెయ్యి మాత్రం బాగుండేది. పొద్దు పోవాలని ఆమె మంచానికి ఎదురుగా ఎత్తుగా ఒక ఇనుప స్టాండు చేయించి, పడుకున్నచోటి నుంచే కనిపించేలా టీవీ పెట్టాం.

ఆ మే నెలలో అక్క మనవడికి అహోబిలంలో పుట్టెంట్రుకలు తీయించాలనుకున్నారు. ఇంటిల్లిపాదీ జీపులో బయల్దేరారు. నా భార్య మా అమ్మాయిని తీసుకుని పుట్టింటికి వెళ్ళి ఉంది. పెద్దమ్మ దగ్గర ఎవరో ఒకరుండాలి కాబట్టి నేను ఆగిపోయాను. సెలవుల్లో పిల్లలు బొమ్మల సినిమాలు వెయ్యమని ప్రాణాలు తీస్తున్నారని బావ కర్నూలు నుంచి ఒక డిస్క్ తెచ్చాడు. అట్ట మీద పెద్ద కళ్ళ పాప, చుట్టూ గులాబీ రంగు పూలు. దాని వెనక చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో ఏదో ఉంది. బావకు ఇంగ్లీషు రాదు. నాకు కూడబలుక్కుని చదివేంత వచ్చు, కానీ బొమ్మల సినిమా అట్ట వెనక ఏముంటుందిలే అని నేను తిప్పి చూడలేదు. బావ తెల్లవారుజామున ఆ డిస్క్ పెట్టి, అయిపోతే మళ్ళీ మొదటి నుంచి ఆడేలా మీట నొక్కి, కంట్రోల్ రూమ్ షట్టరుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని జీపెక్కాడు. రెండో తాళంచెవి ఎప్పుడో పోయింది. ఇంకొకటి చేయిద్దామని నెల రోజులుగా అనుకుంటూనే ఉన్నాం.

ఎండాకాలం కదా, పొద్దున పదింటిదాకా రోజూ కరెంటు ఉండేది కాదు. కంట్రోల్ రూముకు బ్యాటరీలుండేవి కాబట్టి ఎవరి టీవీల్లోనూ కనిపించకుండానే ఆ సినిమా లోపల రెండు మూడుసార్లు ఆడి, మళ్ళీ మొదలై ఉంటుంది. పదింటికి కరెంటు రాగానే పెద్దమ్మకు టీవీ పెట్టాను. తెర మీద పచ్చటి కొండలు, చిన్న రైలు, కిటికీలోంచి చెయ్యి ఊపుతున్న పాప. పెద్దమ్మ పెదవి ఎడమ కొస కాస్త కదిలింది. అది ఆమె నవ్వు.

అంతలో పక్కింటావిడ గోడ మీదుగా పిలిచింది. రాయచోటి పిల్ల, మొగుడు కువైటులో డ్రైవరు, ఐదేళ్ళ కూతురితో ఒంటరిగా ఉండేది. ఆసుపత్రిలో చీటీ రాయించుకోవాలి, కూతుర్ని కాసేపు మా ఇంట్లో ఉంచుకోమంది. అది కొత్తేమీ కాదు, ఆ పాప సగం రోజు మా పెద్దమ్మ మంచం మీదే ఉండేది, వాళ్ళ ఉర్దూలో అమ్మమ్మ అన్నట్టు నానీ అని పిలిచేది. సరిగ్గా అప్పుడే చర్చి వీధి నుంచి ఫోను, బొమ్మ రావడం లేదని. అరగంట పని. పాప బొమ్మల సినిమా ముందు కదలకుండా కూర్చుంటుంది. వీధిలోకి పోకుండా, కోతులు లోపలికి రాకుండా, బయట గొళ్ళెం పెట్టి సైకిలెక్కాను. ఆ గొళ్ళెం పెట్టిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

చర్చి వీధిలో ఆ ఇల్లు ఒక రిటైరైన మిషను బడి పంతులమ్మది. స్తంభం మీద ముడి వదులైంది, సరిచేసి దిగుతుండగా లోపల్నుంచి పిల్లల ఏడుపు వినిపించింది. పంతులమ్మ వాకిట్లోకి వచ్చి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

“ఏమప్పా, ఏం బొమ్మలేసినారు? నువ్వు వైరు సరిజేసి తెప్పించింది దీన్నేనా? పిల్లోళ్ళు వణుకుతాండారు.”

లోపలికి తొంగి చూశాను. టీవీలో ఆ బొమ్మల పాపే, ఆ పెద్ద కళ్ళే, కానీ ఆ చేతులూ ఆ నోరూ ఎవరివో. నేను చూసింది నాలుగు క్షణాలు. పంతులమ్మ వెళ్ళి టీవీ కట్టేసింది.

ఎవరింట్లో వాళ్ళు కట్టేసుకోవచ్చు కదా అని మీరనుకోవచ్చు. పెద్దవాళ్ళున్న ఇళ్ళలో కట్టేశారు కూడా. కానీ ఆ వేళకు మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఎందరు ఇంట్లో ఉంటారు? పొలాల్లో, దుకాణాల్లో, కూలి పనుల్లో ఉంటారు. టీవీ ఉన్న ఒక ఇంట్లో పదిమంది పిల్లలు చేరి కూర్చుంటారు. భయపడిన పిల్లలు లేచి మీట నొక్కరు, ఒకరినొకరు పట్టుకుని చూస్తూ ఉండిపోతారు.

సైకిలు తొక్కుకుంటూ కంట్రోల్ రూముకు వెళ్ళాను. షట్టరుకు తాళం. లోపల చూసుకునే చిన్న టీవీ నుంచి ఆ సినిమా సంగీతం సన్నగా వినిపిస్తోంది, దాని మీద లోపలి ఫోను మోగుతోంది, ఆగుతోంది, మళ్ళీ మోగుతోంది. ఊళ్ళో వాళ్ళు తిట్టడానికి చేస్తున్న ఫోన్లు అవి. నా జేబులోని సెల్‌ఫోన్‌తో బావకు చేస్తే అందుబాటులో లేరని ఆడగొంతు మూడు భాషల్లో చెప్పింది. అహోబిలం కొండల్లో సిగ్నలెక్కడిది? పెద్ద బండరాయి తెచ్చి తాళం మీద కొట్టాను. రాయి పగిలింది. కింద దుకాణం వాళ్ళు పలుగు కోసం వెతికారు, దొరకలేదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చి సబ్‌స్టేషనుకు పోయాను. కరెంటు తీసేస్తే అన్ని టీవీలూ ఒక్కసారిగా ఆగిపోతాయి కదా. అక్కడున్నాయన నా మాట విని మొదట నవ్వాడు.

“రోజూ కరెంటు పోతే వచ్చి గలాటా జేస్తారే, ఈపొద్దు తీయమంటాండావా? ఎవరో పెద్ద ఆఫీసరు వస్తాండాడంట, సాయంత్రందాంక తీయొద్దని చెప్పినారప్పా. నా చేతిలో ఏమీ లేదు.”

చేతులు పట్టుకున్నాను. ఆయన నవ్వడం మానేసి పాపం అన్నట్టు చూశాడు, తియ్యలేదు. ఆ వేసవంతా పోతూ పోతూ వచ్చిన కరెంటు ఆ ఒక్కరోజు పదింటికి వచ్చాక కన్ను కూడా ఆర్పలేదు.

ఇక మిగిలింది వైర్లు కొయ్యడం. కంట్రోల్ రూము నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు పెద్ద వైర్లు వెళ్ళేవి. అవి మిద్దె మీద బయల్దేరే చోటుకు వెళ్ళాలంటే ఆ తాళం వేసిన గదిలోంచే దారి. కాబట్టి ఒక్కో దిక్కునా మొదటి స్తంభం వెతుక్కుని, నిచ్చెన వేసి, ఎక్కి కొయ్యాలి. మే నెల ఎండ, ఇనుప స్తంభం చేతికి అంటుకుంటోంది.

ఇక్కడ నేను ఒప్పుకోవలసినది ఒకటి ఉంది. ఇల్లు నాకు గుర్తుకు రాలేదని చెబితే అది అబద్ధం. గుర్తొచ్చింది. పెద్దమ్మా, పాపా, బయటి గొళ్ళెం, ఎత్తు మీద టీవీ, అన్నీ గుర్తొచ్చాయి. కానీ ఇంటికి పోతే ఒక్క టీవీ ఆగుతుంది, వైరు కోస్తే ఊరంతా ఆగుతుంది, ఇంకొక్క ఐదు నిమిషాల్లో అంతా అయిపోతుంది అని ప్రతిసారీ అనుకున్నాను. అదీ కాక నన్ను పిలుస్తున్నది బజారువైపు వాళ్ళు, చర్చివైపు వాళ్ళు, బస్టాండువైపు వాళ్ళు. ఎవరు ఎక్కువ గట్టిగా అరుస్తుంటే ఆ దిక్కు వైరు ముందు కోశాను. మా వీధి నుంచి ఒక్క ఫోనూ రాలేదు. మా ఇంట్లో ఫోను చేయగలిగినవాళ్ళు లేరు.

బజారు దగ్గర ఒక పెద్దమనిషి నా చొక్కా పట్టుకుని, మనవరాలు గుక్క పట్టిందని, మీ బావను పిలిపించమని చాలాసేపు కదలనివ్వలేదు. ఆయన కోపంలో అన్యాయమేమీ లేదు, నేను తలవంచుకుని నిలబడ్డాను. మా వీధికి పోయే వైరు కోసేసరికి ఒంటిగంట దాటింది.

గొళ్ళెం తీశాను. టీవీలో తెల్లటి చుక్కలు, బుస్సుమనే శబ్దం. పెద్దమ్మ ఎప్పటిలాగే దిళ్ళకు ఆనుకుని ఉంది. పాప ఆమె పక్కన ముడుచుకుని పడుకుని ఉంది. పెద్దమ్మ ఆ పిల్ల ముఖాన్ని తన పక్కటెముకలకు అదుముకుని, ఎడమ చెయ్యి వేళ్ళన్నీ చాచి, కళ్ళూ చెవీ కప్పి పట్టుకుంది. వైరు తెగి బొమ్మ పోయినా ఆ చెయ్యి తీయలేదు. ఒక్కటే పనిచేసే చెయ్యి. అది పాప ముఖం మీద ఉంటే ఇక ఆమె కళ్ళకు అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేదు. మూతపడని ఆ కుడి కన్ను టీవీ వైపే తెరిచి ఉంది, ఎండిపోయి, ఎర్రగా, చెంప మీదుగా దిండు మీదికి నీళ్ళు కారుతూ.

ఆ వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటే లేపి తీశాను. పాప చెంప మీద నాలుగు వేళ్ళ అచ్చులు. నిద్రలో ఉలిక్కిపడి లేచి, “బొమ్మలు అయిపోయినాయా మామా? నానీ నన్ను సూడనీలేదు” అంది, ఫిర్యాదు చేస్తున్నట్టు. పెద్దమ్మ నా వైపు చూసి “బా” అంది. ఏ “బా” అది? అన్ని “బా”లూ నాకు తెలుసనుకునేవాణ్ణి. అది మాత్రం అంతకుముందు వినలేదు.

పక్కింటావిడ వచ్చింది. ఆసుపత్రిలో ఆలస్యమైందట. జరిగింది తెలుసుకుని, పాపను భుజాన వేసుకుని, నన్ను ఒక్కటే మాట అడిగింది.

“లేవలేని పెద్దమనిషినీ, పసిబిడ్డనూ పెట్టి గొళ్ళెమేసి పోతావా అన్నా? ఇల్లు అంటుకునింటే?”

సినిమా గురించి అడుగుతుందనుకున్నాను. ఆమె గొళ్ళెం గురించి అడిగింది.  

సాయంత్రం బావ గుండు చేయించిన మనవణ్ణి ఎత్తుకుని జీపు దిగేసరికి వాకిట్లో ఊరు కూడి ఉంది. బొమ్మల సినిమా కదా అనుకుంటినని బావ ఒకే మాట పదిసార్లు చెప్పి, కనిపించినవారికల్లా దండం పెట్టాడు. పిల్లల్లో కొందరికి జ్వరాలు వచ్చాయి. దర్గా దగ్గర ఊదించుకున్నవాళ్ళు ఊదించుకున్నారు, చర్చిలో ప్రార్థన చేయించుకున్నవాళ్ళు చేయించుకున్నారు, మాలాంటివాళ్ళు నిమ్మకాయ దిగదీశారు. రెండు వారాలు తిరిగేసరికి పిల్లలంతా ఆ సినిమాలోని దయ్యం ఆటే ఆడుకోవడం మొదలుపెట్టారు. పిల్లలు తేరుకున్నారు.

పెద్దమ్మ తేరుకోలేదు. టీవీ మీద తువ్వాలు కప్పినా ఆ తువ్వాలు వైపే చూసేది. దాన్ని అక్కణ్ణుంచి తీసేసినా ఆ ఖాళీ స్టాండు వైపు చూసేది. అక్క పుచ్చకాయ కోసి తెస్తే ఆ ఎరుపు చూసి నోరు బిగించుకుంది. డాక్టరు కంటికి చుక్కల మందు ఇచ్చి, మిగతాదానికి నేనేం చేయగలనన్నట్టు చేతులు విప్పాడు. ఆమెను పట్టి పీడిస్తున్నది ఏ బొమ్మో తెలిస్తే దాని గురించి మాట్లాడి ధైర్యం చెప్పవచ్చు. ఏమి చూసిందో ఆమె చెప్పగలిగే స్థితిలో లేదు, ఇంట్లో ఇంకెవరూ చూడలేదు. ఓదార్చడానికి కూడా దారి లేదు.

బావ ఆ డిస్కును విరగ్గొట్టబోతే నేను అడిగి తీసుకున్నాను. నాలుగు రోజుల తరువాత కంట్రోల్ రూములో, ఊరికి వెళ్ళే వైరు పీకేసి, షట్టరు దించి, ఒక్కణ్ణే మొదటి నుంచి చివరిదాకా చూశాను. ఆమె చూసినది కనీసం ఇంకొకరు చూసి ఉండాలనిపించింది. కథ చెప్పను. ఒక్కటి మాత్రం చెబుతాను. రైలెక్కి కొండల్లోకి వచ్చే ఆ పాప తన అవ్వను చూడటానికి వస్తుంది. ఆ అవ్వ మంచం పట్టిన మనిషి. పాపలో ఏదో దయ్యం ప్రవేశిస్తుంది. అది మొదట వచ్చేది అవ్వ మంచం దగ్గరికే. ఆ అవ్వ కదలలేదు, అరవలేదు. ఆ తరువాత జరిగిందంతా, తొందరేమీ లేనట్టు, నిదానంగా గీశారు.

గీసినవాళ్ళు గొప్పవాళ్ళే. అవ్వ కళ్ళలో భయాన్ని గీసిన తీరు చూస్తే, అలాంటి కళ్ళు ఎక్కడో చూసి ఉంటేనే గీయగలరనిపించింది. వాళ్ళకు మా పెద్దమ్మ తెలియదు. మా ఇంట్లో ఇనుప స్టాండు ఉందని తెలియదు.

షట్టరు ఎత్తి బయటికి వచ్చాక నన్నొక అనుమానం పట్టుకుంది. పెద్దమ్మ ఆ పాప ముఖాన్ని కప్పింది చూడకుండా కాపాడటానికా, లేక తన పక్కనున్న పసిదాన్ని చూసి భయపడి, కదలనివ్వకుండా అదిమి పట్టిందా? ఆ వేళ్ళ అచ్చులు గుర్తొచ్చేవి. ఇంటికి వెళ్ళి ఆమె మంచం పక్కన కూర్చుని, “అవి ఎవరో పెన్సిలుతో గీసిన బొమ్మలు పెద్దమ్మా, నేనూ సూసినా, అన్నీ ఉత్తవే” అని చెప్పాను. ఆమె నా ముఖాన్ని చాలాసేపు చూసింది. చిన్నప్పుడు నేను అబద్ధం చెబితే చూసినట్టే చూసింది.

పక్కింటావిడ తొమ్మిది రోజులు పాపను పంపలేదు. గోడ అవతల ఆ పిల్ల మాట వినిపించినప్పుడల్లా పెద్దమ్మ ఎడమ చెయ్యి దుప్పటి మీద కదిలేది. అది రమ్మనడమో, వద్దనడమో నాకు తెలియదు. పదో రోజు మధ్యాహ్నం ఆవిడే పాపను నడిపించుకుని వచ్చి గడప దగ్గర ఆగింది.

“నానీ యాడ, నానీ యాడ అని ఒకటే ఏడుపు. నేను ఈడే కూర్చుంటా అన్నా” అంది.

పాప ఎప్పటిలాగే మంచం కోడు మీద కాలు పెట్టి ఎక్కింది. నేను మంచం దగ్గరికి జరిగాను. ఆ పిల్ల పెద్దమ్మ ఎడమ చెయ్యి రెండు చేతులతో ఎత్తి, తనంతట తానే తన కళ్ళ మీద పెట్టుకుంది. కాసేపాగి దాన్ని పక్కకు తోసి, “కనపడ్తినా నానీ?” అంది. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ తోసింది. ఆ పిల్లకు ఆ రోజు మిగిల్చింది ఒక దాగుడుమూతల ఆట. మూడోసారి పెద్దమ్మ చెయ్యి దానంతటదే లేచి పాప కళ్ళ మీదికి వెళ్ళింది, ఎంత మెత్తగా అంటే, పాలు తాగి పడుకున్న బిడ్డ మీద పలచటి వల్లె గుడ్డ కప్పినట్టు. పెదవి ఎడమ కొస కదిలింది. గడప దగ్గర కూర్చున్న ఆ తల్లి ముఖం తిప్పుకుంది. నేను పెరట్లోకి వెళ్ళి, తొట్టి దగ్గర నిలబడి, చాలాసేపు ముఖం కడుక్కున్నాను.

నా అనుమానం తీరింది గానీ పెద్దమ్మ భయం తీరలేదు. ఆ తరువాత ఏడాదిన్నర బతికింది. పాప ఉన్నంతసేపూ బాగుండేది, పాప వెళ్ళిపోయాక ఆ కన్ను మళ్ళీ ఎటో చూస్తూ ఉండేది. నేను పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకునేవాణ్ణి. అంతకన్నా ఏమీ చేయలేకపోయాను. ఆ సినిమాలోంచి ఆమెను బయటికి తీసుకురాకుండానే సాగనంపాం.

ఆ పాప ఇప్పుడు నంద్యాలలో నర్సుగా పనిచేస్తోంది. పోయిన ఏడు ఒక పెళ్ళిలో కనిపించి కాళ్ళకు నమస్కారం పెట్టింది. మాటల్లో కదిపి చూశాను. నానీ అనే ఒక ముసలమ్మ ఉండేదని తెలుసు, అంతకన్నా ఏమీ గుర్తులేదంది. బొమ్మలసలే గుర్తులేవు. మా పెద్దమ్మ అంత గట్టిగా పట్టుకున్నది అందుకే కదా, గుర్తుండకూడదనే కదా. సంతోషించాను. సంతోషిస్తూనే, ఆ చెయ్యి గురించి తెలిసినవాళ్ళు ఇక నేనూ, ఆ పిల్ల తల్లీ తప్ప ఎవరూ లేరే అని దిగులేసింది.

కేబుల్ వైర్లు పోయాయి. బావ పోయాడు. ఆ మిద్దె గదిలో ఇప్పుడెవరో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. ఊరంతా ఒకే బొమ్మ చూసే రోజులు వెళ్ళిపోయాయి. మా అమ్మాయి ఇంట్లో నలుగురుంటే నాలుగు ఫోన్లు, నాలుగు జతల చెవి తీగలు. మనవరాలు మూల గదిలో తలుపు దగ్గరగా వేసుకుని గంటలు గంటలు ఏదో చూస్తూ ఉంటుంది. మంచిదే చూస్తుండవచ్చు. నేను ఆ తలుపు దాకా వెళ్ళి, ఏమడగాలో తెలియక, మంచినీళ్ళు కావాలా తల్లీ అని అడిగి వెనక్కి వస్తుంటాను. ఆ రోజు ఎక్కడెక్కడి వీధుల వాళ్ళో నా చొక్కా పట్టుకుని, ఏం చూపించావు మా పిల్లలకు అని నిలదీశారు. అప్పుడు ఆ తిట్లకు చచ్చిపోవాలనిపించింది. ఇప్పుడు అంత కోపంగా ఎవరైనా వచ్చి ఎవరినైనా ఆ మాట అడిగితే బాగుండుననిపిస్తుంది. ఎవరి చొక్కా పట్టుకోవాలో మాత్రం నాకు తెలియదు.